శ్రీకాకుళం అంబేద్కర్ యూనివర్సిటీ డిగ్రీ: గుర్తింపు, అఫిలియేషన్, నాక్ గ్రేడు – మూడూ ఒకటేనా?

పొందూరు_సన్నఖాదీ:

నమస్కారం అండీ. మా మేనకోడలు ఈ ఏడు ఇంటర్ పూర్తి చేసింది, బీఎస్సీలో చేర్చాలి. శ్రీకాకుళం చుట్టుపక్కల మూడు కాలేజీలు చూశాం. మూడూ ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ కిందివే. ఒకదాని బోర్డు మీద ‘నాక్ ఎ గ్రేడ్’ అని పెద్దక్షరాలు. రెండోదాని మీద ‘యూజీసీ 2(ఎఫ్), 12(బి) గుర్తింపు’ అని ఉంది. మూడోది కరపత్రంలో ఐఎస్ఓ ముద్ర వేసింది. దేన్ని చూసి చేర్చాలో తెలియడం లేదు.

ఇంట్లో పెద్దవాళ్ల అనుమానం ఇంకొకటి. వాళ్ల రోజుల్లో ఇక్కడ ఏ కాలేజీలో చదివినా ఆంధ్రా యూనివర్సిటీ పట్టా వచ్చేది. ఇప్పుడొచ్చే పట్టాకు అంత విలువ ఉంటుందా, గ్రూప్స్ రాయడానికి, రేపు పైదేశం వెళ్లడానికి అడ్డు రాదు కదా అంటున్నారు. కాలేజీకి ఎ గ్రేడు ఉండి యూనివర్సిటీకి అంతకన్నా తక్కువ గ్రేడు ఉండొచ్చా? ఉంటే పట్టాకు లెక్కలోకి వచ్చేది ఏది? ఇవన్నీ సొంతంగా సరిచూసుకోవాలంటే ఎక్కడ చూడాలి? తెలిసినవారు వివరంగా చెప్పండి.


నాగావళి_ఒడ్డు:

ముందు పెద్దవాళ్ల అనుమానం తీర్చేద్దాం. మిగతా ప్రశ్నలు సగం అక్కడే తేలిపోతాయి.

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో చట్టం ద్వారా ఏర్పడింది. అప్పటిదాకా మన వైపు కాలేజీలన్నీ మద్రాసు యూనివర్సిటీ కిందే ఉండేవి. విజయనగరం మహారాజా కాలేజీ కూడా అంతే. కొత్త యూనివర్సిటీ మొదట బెజవాడలో పెట్టి, 1930లో వాల్తేరుకు మార్చారు. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్. దశాబ్దాల పాటు కోస్తా జిల్లాల కాలేజీల బరువంతా అదే మోసింది.

దూరంగా ఉన్న జిల్లాల పిల్లలకు ఎమ్మే, ఎమ్మెస్సీ అందుబాటులోకి తేవడానికి ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్లు పెట్టింది. ఆ సెంటర్లే తర్వాత యూనివర్సిటీలు అయ్యాయి. గుంటూరు సెంటర్ 1967లో పెడితే 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. రాజమండ్రి వైపు 2006లో నన్నయ యూనివర్సిటీ వచ్చింది. మన శ్రీకాకుళం పీజీ సెంటర్ 1977లో మొదలై, 2008 జూన్ 25న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. అంటే ఇది 2008లో శూన్యంలోంచి పుట్టింది కాదు. అప్పటికే ముప్పై ఏళ్లుగా ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పాఠాలు చెప్పిన చోటే వేరు కాపురం పెట్టింది.

చట్టం దగ్గరకొస్తే రెండింటికీ తేడా లేదు. ఆంధ్రా, నాగార్జున, నన్నయ, అంబేద్కర్ – నాలుగూ 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కిందే నడుస్తాయి. పట్టా ఇచ్చే అధికారం యూజీసీ (విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లు ఇచ్చే కేంద్ర సంఘం) చట్టం 1956లోని 22వ సెక్షన్ నుంచి వస్తుంది. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన ఏ విశ్వవిద్యాలయానికైనా ఆ అధికారం ఉంది. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హత దగ్గర చదవండి: కేంద్ర చట్టం, ప్రావిన్షియల్ చట్టం లేదా రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం డిగ్రీ అని ఉంటుంది. నాక్ గ్రేడు (విద్యాసంస్థలను మదింపు చేసే నాక్ అనే సంస్థ ఇచ్చే అక్షరం) మాటే ఉండదు. గ్రూప్స్‌కు ఏ అడ్డూ లేదని పెద్దవాళ్లకు ధైర్యంగా చెప్పండి.

ఇక మాటల తేడా. ఇక్కడ చాలామంది పొరబడతారు.

గుర్తింపు అంటే యూనివర్సిటీకి చట్టం ఉందా, యూజీసీ జాబితాలో పేరుందా అన్నది. ఉంటుంది లేదా ఉండదు, మధ్యలో గ్రేడులు లేవు. యూజీసీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటిస్తుంది, నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా విడిగా పెడుతుంది.

2(ఎఫ్) అంటే యూజీసీ చట్టం ‘విశ్వవిద్యాలయం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం. అఫిలియేటెడ్ కాలేజీలను కూడా ఆ సెక్షన్ కింద నమోదు చేస్తారు. 12(బి) డబ్బుకు సంబంధించినది. 1972 జూన్ 17 తర్వాత పుట్టిన సంస్థ కేంద్ర గ్రాంటుకు తగినదని యూజీసీ ప్రకటించాలి, అదే 12(బి). అది లేకపోతే పట్టా చెల్లదని కాదు, గ్రాంటు రాదని మాత్రమే. కానీ గ్రాంటు లేకపోతే ల్యాబు పాతబడిపోతుంది, అది పిల్లల మీదే పడుతుంది. అందుకని పట్టించుకోవలసిన విషయమే.

అఫిలియేషన్ అంటే కాలేజీకి యూనివర్సిటీ ఇచ్చే అనుమతి. ఇది కాలేజీ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు, కోర్సువారీ, సీట్లవారీ ఉంటుంది. మీరు అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. ‘మాకు నాక్ ఉంది’ అనే కాలేజీలో కొత్తగా పెట్టిన కోర్సుకు ఆ ఏడాది అఫిలియేషన్ ఆర్డర్ రాకపోతే, పరీక్ష ఫీజు కట్టే వేళకు పిల్లల పేర్లు యూనివర్సిటీ సిస్టంలో ఎక్కవు. ఆర్డర్ కాపీ చూపించమని అడగడం మీ హక్కు.

నాక్ గ్రేడు ఈ మూడింటికీ బయట ఉండేది. సంస్థ ఎలా నడుస్తోందో ఒక తేదీన కొలిచి ఇచ్చిన మార్కు.


లెక్కల_పంతులు:

పై సమాధానానికి నాక్ లెక్క కలుపుతాను. కాలేజీకి ఎక్కువ, యూనివర్సిటీకి తక్కువ రావడం ఎలా సాధ్యం అన్నది అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది.

నాక్ 1994లో యూజీసీ ఏర్పాటు చేసిన స్వయంప్రతిపత్తి సంస్థ, బెంగళూరులో ఉంది. ఏడు ప్రమాణాల మీద మొత్తం 1000కి వెయిటేజీ ఇస్తుంది. ఒక్కో ప్రమాణానికి 0 నుంచి 4 వరకు గ్రేడ్ పాయింట్ వస్తుంది. పాయింట్‌ను వెయిటేజీతో గుణించి, ఏడూ కూడి 1000తో భాగిస్తే సీజీపీఏ. 2017 నుంచి నడిచిన పద్ధతిలో అక్షరాలు ఇలా ఉంటాయి: 3.51 నుంచి ఎ++, 3.26 నుంచి ఎ+, 3.01 నుంచి ఎ, 2.76 నుంచి బి++, 2.51 నుంచి బి+, 2.01 నుంచి బి, 1.51 నుంచి సి. 1.50 లేదా అంతకన్నా తక్కువైతే డి, అంటే అక్రెడిటేషన్ లేనట్టే.

అసలు కిటుకు వెయిటేజీలో ఉంది. యూనివర్సిటీకి పాఠ్యప్రణాళిక 150, బోధన 200, పరిశోధన 250, మౌలిక వసతులు 100, విద్యార్థుల తోడ్పాటు 100, పాలన 100, సంస్థాగత విలువలు 100. డిగ్రీ మాత్రమే ఉన్న అఫిలియేటెడ్ కాలేజీకి అదే వరుసలో 100, 350, 110, 100, 140, 100, 100. కాలేజీకి బోధన మీద బరువు, యూనివర్సిటీకి పరిశోధన మీద బరువు.

ఒక ఊహా లెక్క చేద్దాం. ఏ సంస్థ అంకెలూ కావివి. ఏడు ప్రమాణాల్లో వరుసగా 2.8, 3.2, 1.6, 2.9, 2.4, 2.8, 3.1 వచ్చాయనుకోండి. పరిశోధన ఒక్కటే బలహీనం.

యూనివర్సిటీ వెయిటేజీతో: 420 + 640 + 400 + 290 + 240 + 280 + 310 = 2580. సీజీపీఏ 2.58, అంటే బి+.

అవే పాయింట్లు కాలేజీ వెయిటేజీతో: 280 + 1120 + 176 + 290 + 336 + 280 + 310 = 2792. సీజీపీఏ 2.79, అంటే బి++.

పాయింట్లు ఒక్కటి కూడా మారలేదు, అక్షరం మారిపోయింది. కాబట్టి కాలేజీ అక్షరాన్నీ యూనివర్సిటీ అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు తేల్చకూడదు. కాలేజీని కాలేజీతోనే పోల్చండి.

ఇంకో సంగతి. ఇదే ఊహా యూనివర్సిటీలో పరిశోధన పాయింటు 1.6 నుంచి 2.4కి పెరిగితే 200 కలిసి 2780 అవుతుంది, బి++లోకి దూకుతుంది. మౌలిక వసతుల్లో అంతే మెరుగుపడితే కలిసేది 80. కొత్త భవనం కట్టినంత మాత్రాన గ్రేడు పెద్దగా కదలదు, పరిశోధకులు ఉంటేనే కదులుతుంది.

అందుకే బోర్డు మీది అక్షరం దగ్గర ఆగిపోకండి. నాక్ వెబ్‌సైటులో సంస్థ పేరుతో వెతికితే సర్టిఫికెట్, ప్రమాణాలవారీ గ్రేడ్ షీటు, పీర్ టీమ్ (సంస్థను చూడటానికి వచ్చే నిపుణుల బృందం) రిపోర్టు దొరుకుతాయి. బీఎస్సీ పిల్లకు మీరు చూడాల్సినవి రెండో ప్రమాణం (బోధన), అయిదో ప్రమాణం (విద్యార్థుల తోడ్పాటు). మొత్తం మీద ‘ఎ’ ఉండి రెండో ప్రమాణంలో తక్కువ ఉంటే నేనైతే ఆలోచిస్తాను.


పొందూరు_సన్నఖాదీ:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. లెక్క చూశాక బాగా అర్థమైంది. ఇంకో రెండు ప్రశ్నలు. ఆ ఎ గ్రేడు బోర్డు పాతబడి రంగు వెలిసిపోయి ఉంది, గ్రేడుకు గడువు ఉంటుందా? మా అబ్బాయిని విజయనగరం వైపు బీటెక్‌లో వేద్దామనుకుంటున్నాం. అక్కడ జేఎన్టీయూ గురజాడ అంటున్నారు, కాకినాడ కాదా?


కోట_జంక్షన్:

గడువు అయిదేళ్లు. సర్టిఫికెట్ మీదే ‘ఫలానా తేదీ వరకు’ అని ఉంటుంది. వరుసగా అత్యున్నత గ్రేడు నిలుపుకున్న సంస్థలకు ఏడేళ్లు ఇస్తారు. గడువు దాటితే ఆ సంస్థకు ఆ రోజున గ్రేడు లేనట్టే, బోర్డు తీసినా తీయకపోయినా. ‘ఫస్ట్ సైకిల్, సెకండ్ సైకిల్’ అనే మాటలు కూడా చూడండి. ఫస్ట్ సైకిల్‌లో ఎ వచ్చి సెకండ్ సైకిల్‌లో బి+కి దిగిన కాలేజీ పాత అక్షరాన్నే గోడ మీద ఉంచితే, తల్లిదండ్రులు మోసపోతారు.

జేఎన్టీయూ సంగతి. 1972లో హైదరాబాద్‌లో పుట్టిన యూనివర్సిటీని 2008లో విడదీశారు. అలా కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ జేఎన్టీయూలు వచ్చాయి. విజయనగరంలో 2007 నుంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ కాకినాడ కిందకు చేరింది. ఉత్తరాంధ్ర కోసం 2021 నాటి రాష్ట్ర చట్టంతో ఆ కాలేజీ ఆవరణలోనే జేఎన్టీయూ గురజాడ ఏర్పడి 2022 జనవరి నుంచి పనిచేస్తోంది. గురజాడ అప్పారావు గారు మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠం చెప్పిన ఊరు కదా, పేరు చక్కగా అమరింది.

మీ అబ్బాయి విషయంలో నాక్ కన్నా ముందు, సాంకేతిక కోర్సులకు అక్రెడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ చూడండి. నాక్ సంస్థను కొలుస్తుంది, ఎన్‌బీఏ బ్రాంచిని కొలుస్తుంది. ఒకే కాలేజీలో మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉండి, డేటా సైన్స్‌కు లేకపోవచ్చు. కొత్త బ్రాంచిలో పిల్లలు చదువు ముగించి బయటికి వచ్చాకే దరఖాస్తు చేస్తారు గనుక అలా ఉండటం సహజమే. కాని ‘ఎన్‌బీఏ అక్రెడిటెడ్ కాలేజీ’ అని కరపత్రంలో గుండుగుత్తగా రాస్తే నమ్మకండి. ఏ బ్రాంచికి, ఏ విద్యా సంవత్సరం నుంచి ఏ విద్యా సంవత్సరం వరకు అని అడగండి. మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు.

పైదేశం మాట వచ్చింది కనుక: ఎన్‌బీఏ 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డులో (ఇంజినీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం) శాశ్వత సభ్యురాలైంది. ఆ ఒప్పందం కిందకు వచ్చేవి టైర్-1లో అక్రెడిటేషన్ పొందిన ప్రోగ్రాములు మాత్రమే. టైర్-1 అంటే యూనివర్సిటీ కాలేజీలు, అటానమస్ కాలేజీలు. మామూలు అఫిలియేటెడ్ కాలేజీలు టైర్-2లోకి వస్తాయి. అక్రెడిటేషన్ నిజమే, అకార్డు వర్తించదు. ఈ తేడా కౌన్సెలింగ్ రోజుల్లో ఎవరూ చెప్పరు.

ఐఎస్ఓ ముద్రకు చదువుతో సంబంధం లేదు. ఆఫీసు పనులు ఒక పద్ధతిలో రాసి ఉంచుతున్నారని ప్రైవేటు ఏజెన్సీ ఇచ్చే కాగితం. దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అన్నది కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ర్యాంకు, అక్రెడిటేషన్ కాదు. 2016 నుంచి ర్యాంకులు ప్రకటిస్తున్నారు. ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొన్న కాలేజీ’ అంటే దరఖాస్తు పెట్టిందని తప్ప ర్యాంకు వచ్చిందని కాదు.

విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఉంది. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చి, 2019లో కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టాన్ని సవరించి ఏర్పాటు చేశారు. కొండకరకంలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ ఆవరణలో తరగతులు మొదలయ్యాయి. అక్కడా మళ్లీ ఆ పీజీ సెంటరే ఊయల అయింది. శాశ్వత క్యాంపస్‌కు 2023 ఆగస్టులో మర్రివలస వైపు శంకుస్థాపన జరిగింది. దీనికి రాష్ట్రంలోని కాలేజీలతో అఫిలియేషన్ లావాదేవీ లేదు. మీ పిల్లలకు ఇది నేరుగా అడ్మిషన్ తీసుకునే చోటు.


ఫైళ్ల_గది:

ఎ గ్రేడుకూ బి గ్రేడుకూ మధ్య తేడా చదువులోనే ఉంటుందనుకుంటారు. కొంత చదువులో ఉంటుంది, కొంత ఫైళ్లలో ఉంటుంది. లోపల పని ఎలా జరుగుతుందో చెబితే గ్రేడును ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

సంస్థ పుట్టి ఆరేళ్లయినా కావాలి, రెండు బ్యాచులు బయటికి వచ్చి అయినా ఉండాలి. మొదట ఐఐక్యూఏ అనే దరఖాస్తు పెట్టాలి. అది అంగీకరించాక 45 రోజుల్లో సెల్ఫ్ స్టడీ రిపోర్టు ఎక్కించాలి. అందులో సుమారు 70 శాతం అంకెలు, 30 శాతం వివరణ. అంకెలకు ఒక్కోదానికీ రుజువు పెట్టాలి. ఆ రుజువులను డీవీవీ వాళ్లు బయటి నుంచి సరిచూస్తారు. అంకెల భాగంలో కనీస శాతం రాకపోతే పీర్ టీమ్ అసలు రాదు. ఆరు నెలలాగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

మన వైపు ప్రభుత్వ సంస్థలకు దెబ్బ తగిలే మొదటి చోటు అధ్యాపకుల ఖాళీలు. మంజూరైన పోస్టుల్లో ఎంతమంది పూర్తికాలం పనిచేస్తున్నారన్నది అయిదేళ్ల సగటుగా చూస్తారు. నూరు పోస్టుల్లో నాలుగేళ్లు నలభై మందే ఉండి, అయిదో ఏడు ఎనభైకి పెంచినా సగటు 48 శాతమే. నాక్ వస్తోందని చివరి ఏడు హడావుడిగా నియామకాలు చేస్తే ఆ సైకిల్‌కు పెద్దగా ఒరగదు, తర్వాతి సైకిల్‌కు పనికొస్తుంది. నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయిన రాష్ట్ర యూనివర్సిటీల గ్రేడుకు ఇదే ఉరి. అధ్యాపకుడు లేని పోస్టు దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి ఉండడు, ప్రాజెక్టు ఉండదు, వ్యాసం ఉండదు. అంటే లెక్కల పంతులు గారు చెప్పిన 250 మార్కుల ప్రమాణం కూడా అక్కడే కూలుతుంది. ఒక ఖాళీ రెండు ప్రమాణాలను తింటుంది.

రెండో చోటు కాగితం. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు ఊళ్లో నిజంగా జరుగుతుంది, పిల్లలు చెరువు గట్టు బాగుచేస్తారు, సర్పంచ్ గారు మెచ్చుకుని తెలుగులో ఉత్తరం రాసిస్తారు. ఆ ఉత్తరానికి ఇంగ్లిషు అనువాదం పెట్టకపోతే డీవీవీలో పోతుంది. తేదీ లేకపోయినా పోతుంది. ఫొటోలో ఎక్కడ తీశారో తెలిపే జియోట్యాగ్ లేకపోతే అదీ పోతుంది. వివరణ అడిగాక జవాబుకు ఇచ్చే గడువు కొద్దిరోజులే. అయిదేళ్ల కింది క్యాంపు ఫొటోలు రిటైరైపోయిన వారి ఫోనులో ఉంటే ఎవరు తెస్తారు? అందుకే కాలేజీలో నాణ్యత చూసే ఐక్యూఏసీ అనే సెల్ ఏడాది పొడుగునా పనిచేయాలి, ఏటా ఏక్యూఏఆర్ అనే వార్షిక నాణ్యతా రిపోర్టు పంపాలి. కాలేజీ వెబ్‌సైటులో గత అయిదేళ్ల ఏక్యూఏఆర్‌లు వరుసగా ఉన్నాయా చూడండి. మధ్యలో రెండేళ్లు లేకపోతే అక్కడ ఐక్యూఏసీ పేరుకే ఉందన్నమాట.

మూడోది విద్యార్థుల సర్వే. నాక్ నేరుగా పిల్లల మెయిల్‌కు ప్రశ్నలు పంపుతుంది. యూనివర్సిటీ అయితే విద్యార్థుల్లో పది శాతం లేదా 500 మంది, ఏది తక్కువైతే అంతమంది జవాబివ్వాలి. కాలేజీకైతే పది శాతం లేదా 100. చిన్న సంఖ్యే అనిపిస్తుంది, కానీ ఇక్కడే జారిపోతుంది. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ దరఖాస్తులు నెట్ సెంటర్లో పెట్టిస్తారు. అక్కడ ఒకే మెయిల్‌తో పాతిక మందిని నమోదు చేసేస్తారు. కాలేజీ ఆ జాబితానే నాక్‌కు పంపితే సర్వే నెట్ సెంటర్ మెయిల్ పెట్టెలో పడి ఉంటుంది. మీ మేనకోడలి దరఖాస్తు పెట్టే రోజున ఆమె సొంత మెయిల్, సొంత ఫోన్ నంబరు ఇప్పించండి. ఇది నాక్ కోసమే కాదు, స్కాలర్‌షిప్ సందేశాలు, పరీక్ష ఫీజు తేదీలు కూడా అక్కడికే వస్తాయి.

ఇంకో మార్పు తెలిసి ఉండాలి. ఇస్రో మాజీ ఛైర్మన్ రాధాకృష్ణన్ నేతృత్వంలోని కమిటీ సిఫారసుల మీద 2024 జనవరిలో నాక్ కొత్త పద్ధతి ప్రకటించింది. అక్షరాలు పోయి ‘అక్రెడిటెడ్’, ‘అక్రెడిటెడ్ కాదు’ అనే తీర్పు ఉంటుందని అందులో చెప్పారు. ఆపైన ఒకటి నుంచి అయిదు వరకు స్థాయిలు. కనుక మునుముందు ఏదైనా బోర్డు మీద అక్షరం లేకుండా ‘అక్రెడిటెడ్’ అని మాత్రమే కనిపిస్తే దాన్ని తక్కువగా చూడకండి.


వంశధార_పరీక్షల_విభాగం:

పట్టా చేతికొచ్చాక ఎదురయ్యే సంగతులు చెబుతాను. నా ఐడీ చూసి ఏ యూనివర్సిటీ తరఫునా మాట్లాడుతున్నాననుకోకండి.

ఒకటి, పేరు. మనది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ, శ్రీకాకుళం. హైదరాబాద్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా పుట్టింది, తర్వాత పేరు మారింది. ఆగ్రాలో ఇంకొకటి, ఢిల్లీలో ఇంకొకటి, లక్నోలో కేంద్ర విశ్వవిద్యాలయం ఒకటి ఉన్నాయి. విదేశీ మదింపు సంస్థ దరఖాస్తులో యూనివర్సిటీ పేరు ఎంచుకునేటప్పుడు ‘అంబేద్కర్’ అని కొడితే ఇవన్నీ వస్తాయి. తొందరలో హైదరాబాద్‌ది నొక్కితే రెగ్యులర్ డిగ్రీ దూరవిద్య కింద పడి, సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. శ్రీకాకుళం, ఎచ్చెర్ల అనే మాటలు చూసి ఎంచుకోండి. ప్రైవేటు ఉద్యోగాల బయోడేటాలో కూడా ఊరు పేరు తప్పక రాయాలి.

రెండు, ఏ యూనివర్సిటీ పట్టా అన్నది. ఇంట్లో పెద్దవాళ్ల మెమోలు ఆంధ్రా యూనివర్సిటీవి అయితే వాటి వెరిఫికేషన్, డూప్లికేట్లు విశాఖలోనే. కాలేజీ ఇప్పుడు ఎచ్చెర్ల కిందకు మారింది కదా అని ఇక్కడికి రావద్దు. మెమో మీద అచ్చైన యూనివర్సిటీయే బాధ్యురాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా గీత మారినంత మాత్రాన కాలేజీ అఫిలియేషన్ మారిపోదు, దానికి విడిగా ఉత్తర్వు కావాలి. అక్కడి కాలేజీల వాళ్లు జిల్లా పేరు చూసి కాదు, అఫిలియేషన్ ఆర్డర్ చూసి మాట్లాడండి.

మూడు, మైగ్రేషన్. ఎచ్చెర్ల కింద డిగ్రీ చదివి ఎమ్మెస్సీకి విశాఖ వెళితే యూనివర్సిటీ మారినట్టే. అడ్మిషన్‌లో మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఫలితాలు వచ్చిన వారంలోనే ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, మైగ్రేషన్ మూడింటికీ కలిపి దరఖాస్తు పెట్టేయండి. ఒరిజినల్ డిగ్రీ కాన్వొకేషన్‌తో వస్తుంది, ఆలస్యమవుతుంది.

నాలుగు, మూడేళ్ల డిగ్రీ. అమెరికా వెళ్లేవారికి ఇక్కడ మాత్రం నాక్ గ్రేడు నిజంగా అవసరం. మూడేళ్ల బీఎస్సీని నాలుగేళ్ల డిగ్రీతో సమానం చేయడానికి డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థ) లాంటి సంస్థ ఫస్ట్ డివిజన్‌తో పాటు, పట్టా ఇచ్చిన సంస్థకు నాక్ ఎ లేదా అంతకన్నా పై గ్రేడు చూస్తూ వచ్చింది. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ, కాలేజీ కాదు. మీరడిగారే, లెక్కలోకి వచ్చేది ఏదని – ఇలాంటి చోట యూనివర్సిటీ గ్రేడే. కాలేజీ గోడ మీది ఎ ఇక్కడ సాయపడదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది. పైదేశం ఆలోచన కొంచెమైనా ఉంటే నాలుగో ఏడు కూడా ఉన్న కాలేజీలో, ఆ నాలుగో ఏటికి అఫిలియేషన్ ఉన్న సబ్జెక్టులో చేర్చండి. ఈ చిక్కే రాదు.

ఐదు, డిజిలాకర్. ఇప్పుడు మార్కులు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా)లోకి వెళ్తున్నాయి. ఎక్కువమందికి ఇబ్బంది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొట్టక్షరం ఉంటుంది. సిస్టం రెండింటినీ ఇద్దరు మనుషులుగా చూస్తుంది, మెమో ఖాతాలోకి రాదు. డిగ్రీలో చేరక ముందే ఆధార్‌లోని పేరును పదో తరగతి మెమోలో ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా మార్పించండి. మూడేళ్ల తర్వాత మార్పిస్తే ఆరు సెమిస్టర్ల మెమోలనూ మళ్లీ కదిలించాలి.


పొందూరు_సన్నఖాదీ:

అందరికీ నమస్కారాలు. నాక్ సైటులో చూశాను. ఆ ఎ గ్రేడు గడువు నిరుడే అయిపోయింది. రెండో కాలేజీ సర్టిఫికెట్‌కు ఇంకా మూడేళ్లుంది, బి++, రెండో ప్రమాణంలో 3.1 ఉంది. కెమిస్ట్రీ ఆనర్స్ అడిగితే ఉంది అన్నారు. అఫిలియేషన్ ఆర్డర్‌లో నాలుగో ఏడు ఎక్కడ రాసి ఉంటుందండీ?


నాగావళి_ఒడ్డు:

ఆర్డర్‌లో కోర్సుల పట్టిక ఉంటుంది. కోర్సు పేరు, మీడియం, మంజూరైన సీట్లు వరుసగా. అక్కడ కెమిస్ట్రీ పక్కన ‘ఆనర్స్’ అని ఉందా, ఎన్ని సీట్లో చూడండి. పైన ఏ విద్యా సంవత్సరానికి ఇచ్చారో కూడా చదవండి, నిరుటి ఆర్డర్ చూపిస్తే ఈ ఏటిది అడగండి. మొదటి ఏడాది అరవై సీట్లుండి ఆనర్స్‌కు తక్కువే ఉంటే, మూడో ఏడు చివర ఎవరిని ఏ మార్కుల మీద తీసుకుంటారో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. గడువు తీరిన కాలేజీ కూడా కొత్తగా దరఖాస్తు పెట్టి ఉండొచ్చు. ‘ఐఐక్యూఏ ఎప్పుడు పెట్టారు’ అని ఒక్క మాట అడగండి. పెట్టినవాళ్లు తేదీ చెబుతారు.